ఇన్వర్టర్ బిగించిన రోజు ఇంకో అరగంట ఉండండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్లలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే దుకాణాల యజమానులకు, వాటిని ఇంటింటికీ మోసుకెళ్లి బిగించే మెకానిక్ తమ్ముళ్లకు నమస్కారం.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. 2012 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు ఎలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, ఊళ్లలో గంటల తరబడి చీకటి. అప్పుడే సందుకో ఇన్వర్టర్ షాపు వెలిసింది. ఇప్పుడు అన్ని కోతలు లేవు. అయినా గాలివానకి, లైన్ల రిపేర్లకి కరెంటు పోతూనే ఉంది, ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాళ్లు పెరిగారు, మీ వ్యాపారం నడుస్తూనే ఉంది. నడవాలి కూడా. నేను అడగబోయేది ఒక్కటే. ఇన్వర్టర్ బిగించిన రోజు, లైటు వెలిగింది చాలు అని సంచి సర్దుకోకుండా, ఆ ఇంట్లో ఇంకో అరగంట ఉండండి. ఆ అరగంటలో చేయాల్సిన పనేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు. డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టుకోమన్నారు. కొడుకు దుకాణానికి వెళ్లి సంగతి చెబితే 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒకటి ఇచ్చి, 'ఆరు గంటలు ఢోకా లేదు' అన్నారు. ఒక రాత్రి గాలికి లైను తెగింది. రెండు గంటలు దాటాక ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. ఆ అబ్బాయి పక్కింటివాళ్ల కారులో అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆవిడ బాగానే ఉన్నారు. కానీ ఆ ఆరు గంటల మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

లెక్క మీకు తెలియనిది కాదు. నిమిషానికి ఐదు లీటర్లిచ్చే కాన్సంట్రేటర్ దాదాపు 350 వాట్లు తీసుకుంటుంది, ఒక ఫ్యాన్ 75. మొత్తం 425. ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలుపుకుంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 40 ఆంపియర్ల పైనే లాగుతుంది. బ్యాటరీ మీద రాసే 150 ఏహెచ్ ఇరవై గంటల లెక్క. ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా తీస్తే ఇరవై గంటలు వస్తుంది. 40 ఆంపియర్లు గుంజితే ఆ 150 రాదు, 100 వస్తే గొప్ప. అంటే కొత్త బ్యాటరీకే రెండున్నర గంటలు, రెండేళ్ల బ్యాటరీ అయితే ఇంకా తక్కువ. ఈ మాట ముందే చెప్పి ఉంటే ఆ కుటుంబం రెండు బ్యాటరీల ఇన్వర్టర్ కొనుక్కునేది, లేదంటే ఒక ఆక్సిజన్ సిలిండర్ ఇంట్లో పెట్టుకునేది. 'ఇంట్లో పేషెంటు మెషీన్ ఏదైనా ఉందా?' అని అడగటం అమ్మే ముందు మీ మొదటి ప్రశ్న కావాలి. ఉంటే ఖాయంగా బయటి కరెంటులాంటి కరెంటే ఇచ్చే సైన్‌వేవ్ ఇన్వర్టరే ఇవ్వాలి. స్క్వేర్‌వేవ్ మీద ఫ్యాన్ గుయ్యిమంటే ఓర్చుకుంటారు, పేషెంటు మెషీన్ ఓర్చుకోదు.

మామూలు ఇంటికైనా గంటలు కాగితం మీద రాసి ఇవ్వండి. 12 వోల్టులని 150 ఏహెచ్‌తో గుణిస్తే 1,800 వాట్-అవర్లు వస్తుంది. బ్యాటరీని అడుగంటా ఖాళీ చేయకూడదు కాబట్టి, ఇన్వర్టర్‌లోనూ కొంత పోతుంది కాబట్టి, ఇంటివాళ్ల చేతికొచ్చేది 1,200 లోపే. రెండు పాత ఫ్యాన్లు, మూడు ఎల్ఈడీ ట్యూబులు, ఒక చిన్న టీవీ, వైఫై రూటరు కలిపితే 280 వాట్లు. నాలుగు గంటల చిల్లర. అదే రెండు ఫ్యాన్లూ తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీవి అయితే ఒక్కోటి 30 వాట్లే, మొత్తం 190 అవుతుంది, ఆరు గంటలు వస్తుంది. రెండో బ్యాటరీ అమ్మే ముందు ఫ్యాన్లు మార్చుకోమని చెప్పే షాపు మీద జనానికి ఎంత నమ్మకం కలుగుతుందో ఆలోచించండి. పెట్టె మీద పెద్ద అంకెల్లో 1050 అని ఉంటుంది, లోపల చిన్న అక్షరాల్లో 900 వీఏ అని ఉంటుంది. వచ్చినాయన పెద్ద అంకె చూసి వాట్లనుకుంటాడు. అది మోడల్ పేరనీ, మోసే లోడు 700 వాట్లకు అటూఇటూ మాత్రమేననీ చెప్పేయండి. ఫ్రిజ్ పెట్టొచ్చా అని ప్రతివాళ్లూ అడుగుతారు. నడిచేటప్పుడు 150 వాట్లే కదా అని సరేననకండి, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది.

ఇక వైరింగు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

ఇన్వర్టర్ ఔట్‌పుట్‌ని లైట్లకీ ఫ్యాన్లకీ కలిపేటప్పుడు ఆ సర్క్యూట్‌కి అంతకుముందున్న మెయిన్ ఫేజుని పూర్తిగా విడదీయాలి. పాత ఇళ్లలో ఒక్కో స్విచ్‌బోర్డులో ఫేజు నాలుగైదు చోట్ల నుంచి వస్తుంది. ఎక్కడో ఒక జంపరు (రెండింటినీ కలిపే వైరు ముక్క) మిగిలిపోతుంది. కరెంటు ఉన్నప్పుడు తేడా తెలియదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కరెంటు ఆ జంపరులోంచి వెనక్కి డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు)లోకి, అక్కణ్ణుంచి మెయిన్ దాటి సర్వీసు వైరులోకి పోతుంది. ఊరంతటి లోడు మీద పడితే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది, నిజమే. కానీ లైన్‌మన్ ఒక్క ఆ ఇంటి సర్వీసునే స్తంభం దగ్గర విడదీసి జాయింటు సరిచేస్తున్నాడనుకోండి. అప్పుడు ఆ వైరు మీద ఉన్న లోడు ఆ ఇల్లొక్కటే. ఇన్వర్టర్ హాయిగా నడుస్తుంది, 230 వోల్టులు స్తంభం మీదున్న మనిషి చేతికి వస్తాయి. లైను ఆపాం కదా అని ధైర్యంగా ఉంటాడు ఆయన. జనరేటర్ పెట్టుకునే కల్యాణ మంటపాల్లో, షాపుల్లో ఇంకా ఘోరం. లైను, జనరేటర్ రెండిట్లో ఒక్కదాన్నే కలపనిచ్చే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ని లైనుకి కలిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి అవతలి వైపు 11 కేవీ, అంటే 11,000 వోల్టులు అవుతుంది.

దీన్ని పట్టుకోవడం ఎంతో తేలిక. బిగించడం అయ్యాక మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతుండగా, మెయిన్ స్విచ్‌కి ఇంటి వైపున్న టెర్మినల్స్ మధ్య మల్టీమీటరు పెట్టండి. అక్కడ ఏమీ చూపించకూడదు. వోల్టేజి కనిపిస్తే కరెంటు ఎదురొస్తున్నట్టే, ఆ జంపరు దొరికేదాకా ఆ ఇంట్లోంచి కదలొద్దు. నియాన్ టెస్టర్‌ని నమ్మకండి, అది ఇండక్షన్‌కి కూడా మిణుకుమంటుంది, మిమ్మల్ని అనవసరంగా భయపెడుతుంది, ఒక్కోసారి అసలైన కరెంటు దగ్గర వెలగనూ వెలగదు. తర్వాత ఇన్వర్టర్ మీద లేని ప్లగ్గులన్నీ చూడండి. గీజరు ప్లగ్గులో, వంటింటి మిక్సీ ప్లగ్గులో కరెంటు ఉందంటే ఎక్కడో కలిసిపోయిందన్నమాట.

షాకు కొడితే వెంటనే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ స్విచ్ సంగతి చెబితే నాకు బాధ వేస్తుంది. కొత్త ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టుకుంటున్నారు, చాలా మంచిది. అది ఫేజులో వెళ్లిన కరెంటునీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునీ పోల్చి చూస్తుంది. తేడా వస్తే టక్కున పడిపోతుంది. మనిషి ప్రాణం కాపాడేది ఆ పోలికే. మీరు ఇన్వర్టర్ నుంచి ఒక్క ఫేజు వైరే లాగి, న్యూట్రల్ మటుకు ఇంట్లో ఉన్నదే వాడేస్తున్నారు. ఫేజు ఒక ఆర్‌సీసీబీ లోంచి వెళ్లి న్యూట్రల్ ఇంకోదాంట్లోంచి తిరిగొస్తే లెక్క కుదరదు, అది పడిపోతుంది. అప్పుడు ఇంటివాళ్లు ఫోన్ చేస్తారు, ఎవరో వచ్చి 'ఇది ఇన్వర్టర్‌కి సెట్ కాదండీ' అని ఆర్‌సీసీబీనే బైపాస్ చేసిపోతారు. ఆ ఇంట్లో పిల్లలున్నారు, తడి చేతులతో వాషింగ్ మెషీన్ ముట్టుకునే అమ్మ ఉంది. దయచేసి ఇన్వర్టర్ లోడుకి వేరే న్యూట్రల్ లాగండి. వంద అడుగుల వైరు ఎక్కువ పడుతుంది, డబ్బు అడగండి, ఇస్తారు. ఎందుకో అర్థమయ్యేలా చెబితే ఇవ్వనివాళ్లు తక్కువ.

ఇంటివాళ్లని పిలిచి చూపించాల్సింది ఇంకోటుంది. ఫ్యాన్ తుడవడానికో, హోల్డరు మార్చడానికో మెయిన్ ఆపేసి స్టూలు ఎక్కుతారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపితే ఆ క్షణమే బ్యాటరీ కరెంటు అందుకుంటుంది. పోనీ ఇన్వర్టర్ ముందున్న బటన్ ఆపుదామా అంటే, చాలా మోడళ్లలో అది బ్యాకప్‌ని మాత్రమే ఆపుతుంది, బయటి కరెంటు లోపలినుంచి అలా పోతూనే ఉంటుంది. రెండూ ఆపాలి. ఈ సంగతి ఇంటి ఆడవాళ్లకి, పెద్దపిల్లలకి చేసి చూపించండి. పెద్దాయన ఒక్కడికి చెప్పి వచ్చేయొద్దు, ఆయన ఊళ్లో లేని రోజే బల్బు మాడిపోతుంది.

ఇన్వర్టర్ వెనకున్న చిన్న స్విచ్‌ల మీద ఒక మాట. బ్యాటరీ రకం నీళ్లు పోసే ట్యూబులరా, నీళ్లు పోయనక్కర్లేని సీల్డా అన్నది అక్కడ పెడతారు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే వదిలేసిన ఇళ్లు చాలా చూశాను. సీల్డ్ బ్యాటరీకి ట్యూబులర్ చార్జింగు పెడితే లోపలి తడి ఆరిపోయి పొట్ట ఉబ్బుతుంది. యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ కూడా అంతే. కంప్యూటరు ఉంటే యూపీఎస్ మోడ్ కావాలి. కానీ ఊరి చివర సాయంత్రం వోల్టేజి 170కి పడిపోయే ఇళ్లలో ఆ మోడ్ పెడితే, ఇన్వర్టర్ బయటి కరెంటుని వద్దని బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. 'కరెంటు ఉన్నా బ్యాటరీ దిగిపోతోంది' అని మీకొచ్చే కంప్లయింట్లలో కొన్నింటి మూలం ఇదే. బ్యాటరీ మార్చాలని చెప్పే ముందు అక్కడి వోల్టేజి కొలవండి.

లిథియం వస్తోంది. తేలిక, నీళ్ల బాధ లేదు, వేగంగా చార్జవుతుంది, మంచిదే. అయితే పాత ఇన్వర్టర్‌కి లిథియం తగిలించి ఇచ్చేస్తున్నవాళ్లున్నారు. సీసం బ్యాటరీ కోసం చేసిన చార్జరు అప్పుడప్పుడు వోల్టేజి బాగా పెంచుతుంది. లిథియం బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్ దాన్ని ఒప్పుకోక కట్ చేసేస్తుంది. ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటేనే ఇవ్వండి. అలాగే 24 వోల్టుల సిస్టమ్‌లో ఒక బ్యాటరీ పోయిందని ఒకటే కొత్తది వేసి పాతదానితో సిరీస్ కట్టకండి. పాతది ముందే ఖాళీ అయి కొత్తదాన్నీ తనతోపాటు లాగేస్తుంది.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఇంటివాళ్లు అనుకుంటారు మీరు. మెట్ల కింద చోటు చూపిస్తారు, అక్కడే గ్యాస్ సిలిండరు ఉంటుంది, లేదా చెప్పుల స్టాండు ఉంటుంది. కొందరు పూజ గది గోడ వారగా పెట్టమంటారు. నీళ్లు పోసే బ్యాటరీ చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. దీపారాధన చేసే చోట, సిలిండరు పక్కన పెట్టనని గట్టిగా చెప్పండి. ట్రాలీ మీద గుడ్డ కప్పి పాత పేపర్లు పేర్చొద్దని చెప్పండి. వేడి కూడా శత్రువే. పడమటి ఎండ తగిలే బాల్కనీలో పెట్టిన బ్యాటరీకి ఆయుష్షు సగమైపోతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింద ట్రాలీ మీదున్న ఇన్వర్టర్లు, బ్యాటరీలు బురదపాలవడం తప్ప వేరే దారేముంది? అలాంటి పల్లపు వీధుల్లో గోడకి బలమైన ఇనప స్టాండు కొట్టి ఎత్తులో పెట్టడం మంచిది. ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50, 60 కేజీలుంటుంది, అలమారా చెక్కల మీద పెట్టే వస్తువు కాదు. మునిగిన ఇన్వర్టర్‌ని ఎండబెట్టి ఆన్ చేయొద్దని మీ కస్టమర్లందరికీ వానలకు ముందే మెసేజ్ పెట్టండి.

నీళ్ల విషయం అందరూ చెబుతారు, పైపైన చెబుతారు. ఫ్లోటు ఎర్ర గీతకి దిగకముందే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఆర్‌వో నీళ్లలో లవణాలు మిగిలే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛం అనుకుంటారు, వాటిలో దుమ్ము, కాయిల్ మీది లోహం కలుస్తాయి. ఆ రెండూ వద్దు. పైదాకా నింపేస్తే చార్జింగులో యాసిడ్ పొంగి నేల టైల్స్ తినేస్తుంది. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకూడదు. ఒకసారి వాళ్ల చేతే మూత తీయించి, గరాటుతో పోయించండి. కళ్లజోడు పెట్టుకోమనండి, చేతి గాజులు, ఉంగరాలు తీయమనండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎంతమంది! ఆరు నెలలు మెయిన్ ఆపి తాళం వేసి వెళ్తారు. ఇన్వర్టర్ ఆన్‌లోనే ఉంటుంది, అది ఊరికే ఉన్నా కొంచెం కొంచెం తాగుతుంది. తిరిగొచ్చేసరికి బ్యాటరీ పూర్తిగా దిగి, లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది. అది మళ్లీ పూర్తిగా కోలుకోదు. వెళ్లే ముందు ఫుల్ చార్జి చేసి, నీళ్లు చూసి, ఇన్వర్టర్ ఆపి, నెగెటివ్ వైరు తీసేయాలి. రెండు మూడు నెలలకోసారి బంధువులెవరైనా వచ్చి చార్జింగు పెట్టాలి. ఈ మాట బిల్లు వెనక అచ్చు వేయించండి.

వారంటీ మీద మీరు చెప్పే లెక్క కూడా తేటగా ఉండాలి. 60 నెలల వారంటీ అని బోర్డు మీద ఉంటుంది. అది 36 ప్లస్ 24 అని, మొదటి 36 నెలల్లోనే ఉచితంగా మారుస్తారని, తర్వాతి 24 నెలల్లో కొత్త బ్యాటరీ ధర మీద కొంత తగ్గింపు మాత్రమేనని కొన్నవాడికి నాలుగో ఏడు తెలుస్తుంది. అమ్మిన రోజే చెప్పండి. ఇంకో సంగతి. ఇళ్లలో వాడే ఇన్వర్టర్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మార్కు లేని లోకల్ అసెంబ్లింగ్ సరుకు వెయ్యి తక్కువకి వస్తోందని అమ్మకండి.

పీఎం సూర్యఘర్ పథకం 2024లో వచ్చాక మీలో చాలామంది సోలార్ కూడా మొదలుపెట్టారు. 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ అనగానే జనం ముందుకొస్తున్నారు. కానీ కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ (బ్యాటరీ లేకుండా బయటి లైనుకి కలిపేది) కూడా ఆగిపోతుందని వాళ్లకి ఎవరు చెబుతున్నారు? పైన నేను చెప్పిన లైన్‌మన్ ప్రాణం కోసమే దాన్ని అలా తయారు చేశారు. 'పైన ప్యానెళ్లు ఉన్నాయి కదా' అని పాత ఇన్వర్టర్ అమ్మేసుకున్నవాళ్లు మొదటి కోతకే చీకట్లో కూర్చుంటున్నారు. బ్యాకప్ కావాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, దానికి ఖర్చు వేరే. సంతకం పెట్టించుకునే ముందే చెప్పండి.

పాత బ్యాటరీ మీరు ఎక్స్‌చేంజిలో తీసుకుంటారు, సంతోషం. బరువు తగ్గుతుందని అందులోని యాసిడ్‌ని మురుగు కాలవలో పారబోసే పద్ధతి మానేయండి. దాన్ని ఎవరో ఊరి బయట పెరట్లో కరిగించేవాడికి కాకుండా, రిజిస్టరైన రీసైక్లర్లకే పంపండి. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. బ్యాటరీలో సగానికి పైగా సీసమే. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఉండకూడనంత ఉందని యూనిసెఫ్ 2020లో చెప్పింది. బ్యాటరీలు ఇలా ఆరుబయట కరిగించడమే దానికి పెద్ద కారణమని కూడా చెప్పింది.

యజమానులకి చివరగా ఒక మాట. మీ కుర్రాళ్లు ఎందుకు హడావుడి పడుతున్నారో నాకు తెలుసు. ఇంటికింత అని మీరు కూలి ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ఇళ్లు తిరిగితే అంత. అరవై కేజీల బ్యాటరీ మూడో అంతస్తుకి మోసి, చెమటతో తడిసినవాణ్ణి అరగంట ఉండి మల్టీమీటరుతో అన్నీ చూడమంటే ఎలా చూస్తాడు? ఆ అరగంటకి కూలి విడిగా ఇవ్వండి. బిల్లులో 'పరీక్ష' అని ఒక లైను వేసి కస్టమర్ దగ్గర తీసుకోండి. గంటలు, మోడ్, బ్యాటరీ రకం, మెయిన్ దగ్గర మీటరు చూపించిన రీడింగు, అన్నీ ఒక కాగితం మీద రాసి, మెకానిక్ చేత సంతకం పెట్టించి ఇన్వర్టర్ పక్క గోడకి అతికించండి. మీ ఊరి వ్యాపారులంతా కలిసి ఈ సీజన్‌కి ముందే ఒకే కాగితం తయారు చేసుకుంటే, చేసేవాడికి ఖర్చెక్కువ, చేయనివాడికి గిరాకీ ఎక్కువ అనే గొడవ ఉండదు. మీ కుర్రాళ్లకి ఆ పరీక్ష నేర్పడానికి పిలిస్తే నేను వస్తాను. డబ్బులేమీ అక్కర్లేదు, రెండు మల్టీమీటర్లు, ఒక టెస్ట్ లాంపు సిద్ధంగా ఉంచండి.

ఇట్లు,
ఎలక్ట్రీషియన్ ట్రేడు మాజీ ఇన్‌స్ట్రక్టర్